ఫ్రెంచ్ సినిమాలో పైకి వస్తున్న యువ నటుణ్ణి అనుసరించడం ఎలా

ఫ్రెంచ్ సినిమాలో కొత్తగా పైకి వస్తున్న ఒక నటుణ్ణి అనుసరించాలనుకునేవారు సాధారణంగా అవార్డుల జాబితాతో మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టి కొన్నాళ్లు దారి తప్పాను. అవార్డు అప్పటికే అయిపోయిన పనికి ముట్టిన రసీదు. ఆ నటుడు ఎటు వెళ్తున్నాడో అది చెప్పదు. అది తెలియాలంటే గుర్తింపు వచ్చిన తర్వాత అతనికి దొరికిన పాత్ర ఏమిటి, దాన్ని ఇచ్చిన దర్శకుడు ఎవరు, ఆ పాత్ర వెనకటి పాత్రకు ఎంత దూరంలో ఉంది అన్న మూడు సంగతులు చూడాలి. వాటిని ఎలా చూడాలో, అందుకోసం అక్కడి సినీ వ్యవస్థ గురించి ఎంత తెలిస్తే సరిపోతుందో ఇక్కడ వివరిస్తాను.

ఉదాహరణకు 2001 డిసెంబరు 30న పుట్టిన పోల్ కిర్షెర్‌ను తీసుకుంటున్నాను. 2022, 2023, 2024 సంవత్సరాల్లో వరసగా ఏడాదికొకటి చొప్పున, ఒకదానితో ఒకటి పోలిక లేని మూడు సినిమాల్లో అతను ముఖ్యపాత్రలు వేశాడు కనుక అనుసరించడం నేర్చుకోవడానికి ఇంత అనువైనవాడు మరొకడు దొరకడం కష్టం. అతని తల్లి ఇరేన్ జాకోబ్ 1991లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి అందుకున్నది. తండ్రి జెరోమ్ కిర్షెర్ నటుడు. సోదరుడు సామ్యుయెల్ కూడా నటుడే. ఈ వివరాలను ఒక పక్కన రాసిపెట్టుకోండి, కానీ నటనను వాటితో కొలవకండి. ఇంటిపేరు చూసి ఎవరైనా ఆడిషన్‌కు పిలిస్తే పిలవవచ్చు. ఆ తర్వాత కెమెరా ముందు నిలబడవలసింది మనిషే.

ముందుగా పేర్లు సరిచూసుకోండి

ఇది చిన్న పనే అయినా, దీన్ని వదిలేస్తే సగం సమాచారం చేతికి అందదు. ఫ్రెంచ్ పేర్లను రాసే తీరు ఒకటి, పలికే తీరు మరొకటి. రఫాయెల్ కెనార్ అనే నటుడి ఇంటిపేరు చివర డి అక్షరం ఉంటుంది, దాన్ని ఎవరూ పలకరు. వెతికేటప్పుడు మాత్రం అది రాయకపోతే దొరకడు. సినిమా పేర్లతో చిక్కు ఇంకా పెద్దది. కిర్షెర్‌కు గుర్తింపు తెచ్చిన సినిమా ఫ్రాన్సులో ‘లె లిసేయాఁ’, అంటే ఉన్నత పాఠశాల విద్యార్థి. అదే సినిమా ఇంగ్లిష్‌లో ‘వింటర్ బాయ్’. రెండు పేర్లకూ అర్థంలో పొత్తు లేదు కనుక ఒక్కటే తెలిసినవారు ఇవి రెండు వేర్వేరు సినిమాలనుకునే ప్రమాదం ఉంది. ఒక నోటుపుస్తకంలో సినిమాకొక వరస కేటాయించి, ఫ్రెంచ్ పేరు, ఇంగ్లిష్ పేరు, ఫ్రాన్సులో విడుదలైన తేదీ, దర్శకుడు, నటీనటులను వెతికి పెట్టే కాస్టింగ్ డైరెక్టరు అని ఐదు గడులు గీసుకుంటే ఈ గొడవ తీరిపోతుంది.

సినిమాలను వచ్చిన వరసలోనే చూడండి

వరస తప్పితే ఎదుగుదల కనబడదు. నేను కిర్షెర్ సినిమాల్లో 2023లో వచ్చినదాన్ని ముందు చూసి, అందులోని తడబడే నడక ఆ కుర్రవాడికి సహజంగా ఉన్నదేననుకున్నాను. అంతకు ముందు ఏడాది సినిమా చూశాకే అది ఆ పాత్ర కోసం అలవరచుకున్న నడక అని తెలిసింది. ఈ ఒక్క పొరపాటు వల్ల ఆ సినిమాలో అతను చేసిన పనిలో సగం నాకు పనిగానే కనబడలేదు.

2020లో ఒక కుర్రకారు హాస్యచిత్రంతోనే అతను తెరమీదికి వచ్చినా, అందరి కళ్లూ పడింది క్రిస్తోఫ్ ఒనొరే దర్శకత్వంలో 2022లో వచ్చిన ‘లె లిసేయాఁ’తో. తండ్రి కారు ప్రమాదంలో చనిపోయాక, పదిహేడేళ్ల లూకా కొద్ది రోజులు పారిస్‌లో అన్న దగ్గర గడపడానికి వెళ్తాడు. దర్శకుడి సొంత జీవితంలోని తండ్రి మరణమే ఈ కథకు మూలం. పైగా ఆ తండ్రి పాత్రను దర్శకుడే వేశాడు. తన పోలికలున్న కుర్రవాడి పాత్రను ఒక కొత్తవాడి చేతిలో పెట్టి, తాను కారులో అతని పక్క సీట్లో కూర్చుని చూసిన దర్శకుడు ఆ కొత్తవాణ్ణి ఎంతగా నమ్మి ఉండాలో ఊహించండి. ఈ సినిమాలో నటుడి పని ప్రధానంగా మాట. లూకా నేరుగా కెమెరా వైపు తిరిగి తన సంగతి తానే చెప్పుకుంటాడు. ఆ భాగాలను మొదటిసారి సబ్‌టైటిల్స్‌తో చూసి, వెంటనే వాటిని తీసేసి ఇంకొకసారి చూడండి. సబ్‌టైటిల్స్ ఉన్నంతసేపూ మన చూపు తెర అడుగునే తిరుగుతుంది. అవి లేనప్పుడే ఏ మాట దగ్గర ఊపిరి ఆగింది, ఏ మాట సగంలో తెగింది, ఏ మాట తర్వాత కళ్లు పక్కకు తిరిగాయి అన్నది తెలుస్తుంది. ఫ్రెంచ్ రాకపోవడం ఇక్కడ కొంత మేలే చేస్తుందని నా అభిప్రాయం. ఈ పాత్రకు సాన్ సెబాస్టియన్ చిత్రోత్సవంలో నటనకు ఇచ్చే వెండి శంఖం అతనికి వచ్చింది, ఒక స్పానిష్ బాలనటితో కలిసి.

మరుసటి ఏడాది వచ్చిన తొమా కాయే సినిమా ‘లె రెన్య్ అనిమాల్’, అంటే జంతు సామ్రాజ్యం, మాటను దాదాపు పక్కన పెట్టి శరీరాన్ని అడిగింది. కొందరు మనుషులు క్రమంగా జంతువులుగా మారిపోతున్న లోకం అది. కిర్షెర్ వేసిన పదహారేళ్ల ఎమిల్ పాత్రకు తల్లి అప్పటికే మారిపోయింది. ఎమిల్‌లోనూ ఆ మార్పు మొదలవుతుంది, అతను దాన్ని దాచుకోవాలని చూస్తాడు. ఇందులో ఒక చిన్న ఘట్టాన్ని ప్రత్యేకంగా చూడమంటాను. ఇన్నాళ్లూ తొక్కిన సైకిల్ మీదే ఎమిల్‌కు ఇప్పుడు బ్యాలెన్స్ కుదరదు. సైకిల్ తొక్కడం రానివాడు పడిపోవడం వేరు, వచ్చినవాడు మరిచిపోయి పడిపోవడం వేరు. మొదటివాడికి ముందే భయం ఉంటుంది, రెండోవాడికి ముందు నమ్మకం ఉండి ఆ తర్వాత ఆశ్చర్యం కలుగుతుంది. ఈ ఘట్టాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పి చూడండి: ఒకసారి ముఖాన్ని, ఒకసారి భుజాలను, ఒకసారి పాదాలను. ముఖం ఒక సంగతి, పాదాలు మరొక సంగతి చెబుతున్నాయని మూడోసారికి తెలిసిపోతుంది. గ్రాఫిక్స్ ఎంత ఉన్నా, అవి రాకముందే జంతువు అతని నడకలోకి వచ్చి కూర్చుంది. ఈ సినిమా ఫ్రాన్సు జాతీయ సినిమా పురస్కారాలైన సెజార్ అవార్డులకు 12 విభాగాల్లో పోటీపడి ఐదు గెలుచుకున్నది. అవన్నీ ఛాయాగ్రహణం, ధ్వని, సంగీతం, దుస్తులు, విజువల్ ఎఫెక్ట్స్‌కే వచ్చాయి, నటనకు ఒక్కటీ లేదు. అవార్డులతో మొదలుపెట్టవద్దన్నది ఇందుకే.

2024లో వచ్చిన మూడో సినిమా ‘వారి తర్వాత వారి పిల్లలు’ అని అర్థం వచ్చే పేరుతో, 2018లో ఫ్రాన్సులో పేరుమోసిన సాహిత్య పురస్కారం గోంకూర్ బహుమతి పొందిన నికొలా మాత్యు నవల ఆధారంగా, బుఖెర్మా కవల సోదరులు తీసినది. ఉక్కు కొలుములు ఆరిపోయిన లొరెన్ ప్రాంతంలో, 1992 నుంచి రెండేళ్లకొకటిగా నాలుగు వేసవికాలాల కథ. ఆంతోనీ మొదటి వేసవిలో పద్నాలుగేళ్లవాడు, చివరి వేసవికి ఇరవయ్యేళ్లవాడు. ఇరవై దాటిన నటుడు ఈ రెండు వయసులనూ ఒకే సినిమాలో చూపించాలి. ఆంతోనీకి ఒక కంటిరెప్ప సగం వాలి ఉంటుంది. ఆ రెప్పను నాలుగు వేసవుల్లోనూ వెంబడించండి. ఎవరైనా ముఖంలోకి చూసినప్పుడు తల ఏ పక్కకు తిప్పుతున్నాడు, ఏ వేసవి నుంచి తిప్పడం మానేశాడు అన్నది రాసుకోండి. వయసు పెరిగినట్లు చూపించడానికి మీసం కంటే ఇది చాలా పనికొస్తుంది. ఈ పాత్రకు వెనిస్ చిత్రోత్సవంలో కొత్త నటులకు ఇచ్చే మార్చెల్లో మాస్ట్రోయాన్ని బహుమతి లభించింది. ఆ ఏడాది న్యాయనిర్ణేతల సంఘానికి అధ్యక్షురాలు ప్రముఖ ఫ్రెంచ్ నటి ఇజబెల్ ఉపెర్.

పాత్ర ఎవరు ఇచ్చారో చూడండి

తొమా కాయే 2014లో తీసిన తొలి చిత్రంలో నటించిన కెవిన్ అజాయిస్‌కు మరుసటి ఏడాది వర్ధమాన నటుడి సెజార్ వచ్చింది. కొత్త ముఖంతో పని చేయించుకోవడం ఆ దర్శకుడికి అప్పటికే తెలుసన్నమాట. ఇలాంటి చరిత్ర ఉన్న దర్శకుడి దగ్గరికి ఒక యువ నటుడు వెళ్లాడంటే, దాన్ని ఏ పత్రిక ముఖచిత్రం కంటే కూడా గట్టి సంకేతంగా లెక్కవేయండి. అందుకే టైటిల్స్‌లో కాస్టింగ్ డైరెక్టరు పేరును వదలవద్దన్నాను. రెండు మూడు మంచి సినిమాలకు ఒకే కాస్టింగ్ డైరెక్టరు పేరు కనబడితే, ఆ పేరున్న తర్వాతి సినిమాల్లో రాబోయే ముఖాలు మీకు ముందే తెలిసినట్లే.

అంత కొత్తవాళ్లకు అంత పెద్ద పాత్రలు ఎలా దొరుకుతాయన్న ప్రశ్నకు జవాబు చాలావరకు డబ్బు నడిచే దారిలో ఉంది. ఫ్రాన్సులో అమ్ముడయ్యే ప్రతి సినిమా టికెట్టు మీద 10.72 శాతం పన్ను ఉంటుంది. అది హాలీవుడ్ సినిమా టికెట్టయినా సరే, ఆ సొమ్ము 1946లో ఏర్పడిన జాతీయ సినిమా కేంద్రం ద్వారా తిరిగి సినిమా పరిశ్రమకే చేరుతుంది. ఆ కేంద్రం రాబోయే వసూళ్ల మీద ముందస్తుగా ఇచ్చే సాయాన్ని స్క్రిప్టు చదివి నిర్ణయిస్తారు, తొలి చిత్రాలకు అక్కడ ప్రత్యేక కమిటీ ఉంటుంది. దానివల్ల పేరున్న నటుడు లేకపోయినా సినిమా మొదలయ్యే వీలు కలుగుతుంది. ఈ సాయం పొందిన తొలి చిత్రాల నటవర్గం మీద ఒక కన్నేసి ఉంచితే, రేపు మీరు అనుసరించబోయే మనిషి అక్కడే దొరుకుతాడు.

వచ్చిన దారి తెలుసుకోండి

ఫ్రెంచ్ నటులు తెరమీదికి వచ్చే దారులు రెండు ముఖ్యమైనవి, వాటి గుర్తులు నటనలో చాలాకాలం నిలుస్తాయి. ఒకటి పాఠశాల దారి. 1784 నాటి రాజసంగీత పాఠశాలకు వారసురాలైన పారిస్ నాటక కన్సర్వటోరియంలో పోటీ పరీక్ష దాటి ఏటా చేరేది సుమారు ముప్పై మంది మాత్రమే; అక్కడ మూడేళ్లు గడపాలి. పియెర్ నీనే అక్కడ చదువుతూనే 2010లో, ఇరవై ఒక్క ఏట, 1680లో స్థాపించిన కొమెదీ ఫ్రాంసేజ్ నాటక సంస్థలో చేరాడు. 2015లో ఉత్తమ నటుడి సెజార్ అందుకున్నాడు. 2024లో అతను నాయకుడిగా వచ్చిన మాంటె క్రిస్టో సినిమాకు ఫ్రాన్సులోనే 90 లక్షలకు పైగా టికెట్లు తెగాయి. అంత పొడవైన డైలాగులు ఒక్క అక్షరం జారకుండా చెప్పగలగడం వెనక రంగస్థలం ఉంది. ఇలాంటి నటుణ్ణి అనుసరిస్తున్నప్పుడు సినిమాల మధ్య ఖాళీ కనబడితే కంగారుపడకుండా, ముందు నాటకాల జాబితా వెతకండి.

రెండోది వీధి దారి. కాస్టింగ్ బృందాలు బడుల దగ్గరా, పేటల్లోనూ, పనిచోట్లా తిరిగి నటన తెలియనివాళ్లను వెతకడాన్ని అక్కడ ‘కాస్టింగ్ సోవాజ్’ అంటారు. ఇలా దొరికినవారిలో అబూ సంగారే కథ వేరే స్థాయిలో ఉంటుంది. గినీ నుంచి వచ్చి అమియెన్‌లో మెకానిక్ పని నేర్చుకున్న ఇతను, పారిస్‌లో సైకిల్ మీద భోజనం పార్సిళ్లు అందించే వలసకూలీ పాత్ర వేసి, 2024లో కాన్‌లో ‘అఁ సెర్తాఁ రెగార్’ విభాగంలో ఉత్తమ నటుడయ్యాడు. ఆ బహుమతి అందుకున్న రోజుకు అతనికి ఫ్రాన్సులో ఉండేందుకు కాగితాలు లేవు. 2025 జనవరిలో నివాస అనుమతి వచ్చింది, ఫిబ్రవరిలో సెజార్ వచ్చింది. తనకు మెకానిక్‌గా పని చేసుకోవాలని ఉందని అతను బహిరంగంగానే చెప్పాడు. ఇలాంటి మనిషి రెండో సినిమా చేయకపోతే దాన్ని ఓటమి కింద రాసుకోవడం తప్పు.

సెజార్‌లను సరిగా చదవండి

సెజార్‌లు 1976 నుంచి ఇస్తున్నారు. యువ నటులకు సంబంధించిన విభాగాన్ని ‘వర్ధమాన నటుడు’, ‘వర్ధమాన నటి’ అనే అర్థంతో పిలిచేవారు. 2024 నుంచి ‘రెవెలాసియోఁ’, అంటే ‘కొత్తగా వెలుగులోకి వచ్చినవారు’ అంటున్నారు. పేరు మార్పు సబబుగానే ఉంది, ఎందుకంటే అక్కడ ‘కొత్త’ అనేది వయసుకు సంబంధించిన మాట కాదు. 2024లో గెలిచిన కెనార్ అప్పటికి ముప్పై దాటినవాడు. ఆ ఏడాది అతనితో పోటీపడిన నలుగురిలో ఇద్దరు ఒకే ఇంటివాళ్లు, పోల్ కిర్షెర్, సామ్యుయెల్ కిర్షెర్. ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఏం మాట్లాడుకుని ఉంటారో అని నాకు ఇప్పటికీ కుతూహలం.

అనుసరించేవారికి అసలు పనికొచ్చేది గెలిచిన పేరు కాదు, నామినేషన్లకు ముందు వచ్చే జాబితా. కాస్టింగ్ డైరెక్టర్లున్న ఒక కమిటీ ప్రతి ఏడూ ముప్పై పైచిలుకు మంది కొత్త నటీనటులను ఎంపిక చేస్తుంది, ఒక్కొక్కరికీ పేరున్న కళాకారుడొకరు అండగా నిలుస్తారు. చివరికి ఓటింగులో మిగిలేది ఐదుగురు నటులు, ఐదుగురు నటీమణులు. మొదటి జాబితాను దాచుకుని, రెండేళ్ల తర్వాత తీసి చూడండి. ఐదుగురిలో లేనివాళ్లు కొందరు అప్పటికి మంచి పాత్రల్లో కనబడుతుంటారు. తొందరపడి తీర్పు చెప్పకుండా ఉండడానికి అదెల్ ఎగ్జార్కొపులోస్ ఉదాహరణ గుర్తుంచుకోండి: 2014లో వర్ధమాన నటి సెజార్, ఆ తర్వాతి సెజార్ 2024లో, సహాయనటిగా. మధ్యలో పదేళ్లు. దీనికి పూర్తిగా విరుద్ధంగా, తాహర్ రహీమ్ 2010లో ఒకే రాత్రి వర్ధమాన నటుడిగానూ ఉత్తమ నటుడిగానూ రెండు సెజార్‌లు పట్టుకుని ఇంటికి వెళ్లాడు.

టికెట్లు, ఖాళీలు

ఫ్రాన్సులో సినిమాలు బుధవారం విడుదలవుతాయి, విజయాన్ని వసూళ్లలో కాక తెగిన టికెట్ల సంఖ్యలో చెబుతారు. కోట్ల లెక్కకు అలవాటుపడిన మనకు ఇది మొదట్లో చప్పగా అనిపించినా, టికెట్టు ధర పెరిగినంత మాత్రాన అంకె ఉబ్బదు కనుక పాత సినిమాతో కొత్తదాన్ని నిజాయితీగా పోల్చవచ్చు. ‘లె రెన్య్ అనిమాల్’కు పది లక్షలకు పైగా టికెట్లు తెగాయి. అదంతా కిర్షెర్ వల్లనే అనుకోనక్కరలేదు, పక్కన తండ్రి పాత్రలో పేరున్న నటుడు రొమాఁ ద్యురిస్ ఉన్నాడు. అయినా ఆ అంకె తర్వాత నిర్మాతలకు ఆ పేరు కొత్తది కాకుండా పోతుంది.

ఇక ఖాళీల సంగతి. నటుడు ఆరు నెలలు కనబడకపోతే అవకాశాలు పోయాయని రాసేవాళ్లు చాలామంది, వాళ్లకు అక్కడి జీవనభృతి లెక్క తెలియకపోవడమే కారణం. ఫ్రాన్సులో నటులు, సాంకేతిక నిపుణులు పన్నెండు నెలల్లో 507 గంటలు పని చేసినట్లు చూపిస్తే, పని లేని కాలానికి నిరుద్యోగ భృతి పొందుతారు. నటుడికి రోజు లెక్కన ఇచ్చే పారితోషికాన్ని ‘కాషే’ అంటారు, ఒక్కో కాషేకు 12 గంటలుగా జమకడతారు. అంటే 42 కాషేలకు 504 గంటలే అవుతాయి. మూడు గంటల కోసం 43వది సంపాదించాలి. పెద్దగా పేరు లేని టీవీ చిత్రంలో ఒక యువ నటుడు ఒక్కరోజు పాత్రలో కనబడితే, దాని వెనక కళాత్మక నిర్ణయాన్ని వెతికే ముందు ఈ 43వ కాషేను గుర్తుచేసుకోండి. మరోవైపు, ఈ భృతి ఉన్నందువల్లనే నచ్చని పాత్రను కాదనే ధైర్యం కొందరికి దక్కుతుంది. పదహారేళ్ల లోపు వాళ్ల విషయం మళ్లీ వేరు: వాళ్లు నటించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, సంపాదనలో ఎక్కువ భాగం మైనారిటీ తీరేవరకు ప్రభుత్వ ఖజానా సంస్థలో జమై ఉంటుంది. బాలనటుడు ఏడాదిపాటు తెరమీద లేకపోతే బడిలో ఉన్నాడనే అనుకోండి.

మళ్లీ కిర్షెర్ నోటుపుస్తకం దగ్గరికి వస్తే, మూడు వరసలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు ఒక సంగతి కనబడింది. మొదటి సినిమాలో తండ్రిని పోగొట్టుకున్న కొడుకు, రెండోదానిలో తండ్రి కాపాడాలని చూసే కొడుకు, మూడోదానిలో తాగుబోతు తండ్రి నీడలో పెరిగే కొడుకు. మాట, శరీరం, వయసు అని అతను దాటుకుంటూ వచ్చిన మూడు పరీక్షలూ కొడుకు పాత్రలోనే జరిగాయి. అందుకని నా పుస్తకంలో అతని పేజీకి ఆరో గడి ఒకటి గీశాను. అతని కొత్త సినిమా విడుదలైన బుధవారం నాడు నేను ముందుగా నింపేది ఆ గడినే: ఈసారి ఎదుట నిలబడింది ఎవరు, తండ్రేనా?